‘వలస’ అనే మాట ఎవరికి వర్తిస్తుంది?

మిరపకోతలు జోరందుకునే మాఘమాసంలో మా గుంటూరు సీమలో ఏ ఊరి రావిచెట్టు కింద నిలబడినా ఒకటే మాట వినబడుతుంది: “కూలీలు దొరకడం లేదు.” దాని వెనుకనే తోకలాగా మరొకటి: “ప్రభుత్వం వాళ్లను సోమరులను చేసింది.” ఈ రెండు మాటలనూ నేను ఉద్యోగంలో చేరిన నాటినుండి వింటూనే ఉన్నాను. అప్పట్లో నేరం 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యానిది. 2006 తరువాత నేరం ఉపాధి హామీ పథకానిది. నేరస్థుడు మారుతూ ఉంటాడు గాని తీర్పు మారదు. ముప్పై నలభై యేండ్లుగా సోమరులైపోతున్న ఆ జనమే ఏటేటా మన పొలాల్లో వంగి కాయ కోస్తున్నారన్న సంగతి మాత్రం తీర్పు చెప్పేవారి చెవికి ఎక్కదు.

రైతు ఈ మాట అంటే నాకు కోపం రాదు. కాయ పండి చెట్టుమీద తెల్లబడిపోతుంటే, ఆ కడుపుమంటలో ఏమన్నా అంటాడు. కాని నగరాల్లో, విదేశాల్లో స్థిరపడి, పండుగకు ఊరు వచ్చి, మూడు రోజులుండి, ఇదే మాటను సిద్ధాంతంగా చేసి పట్టుకుపోతున్న విద్యావంతులను చూస్తే ఊరుకోబుద్ధి కాదు. మన బ్లాగుమిత్రులలోనూ అట్టివారు ఉన్నారు. అందుకే ఈ టపా. కొంచెం ఘాటుగానే ఉంటుంది. మిరప సీమవాడిని కదా, మన్నించండి.

ముందు మాట సంగతి చూద్దాం. పండిత శిక్షణ పొందినవాడిని కనుక ఎక్కడ వివాదం వచ్చినా ముందు మాటను పట్టుకుని చూడడం నాకు అలవాటు. ‘వలస’ అన్నది చిన్న మాట కాదు. ఉత్తరాంధ్రకు వెళ్లండి. ఆమదాలవలస, కొత్తవలస వంటి ఊళ్లెన్నో. ఎక్కడినుండో వచ్చి, అడవి కొట్టి, చెరువు తవ్వి, నిలదొక్కుకున్న వారి ఊళ్లవి. అక్కడ వలస అంటే ఊరు. మరి నేడు? మూట నెత్తిన పెట్టుకుని పోయేవాడిది వలస. పెట్టెకు చక్రాలుండి, చేతిలో పాస్‌పోర్టు ఉంటే అది ‘స్థిరపడడం’. “మా అబ్బాయి డల్లాస్‌లో స్థిరపడ్డాడు” అంటాము గాని “వలసపోయాడు” అంటామా? ఇద్దరూ ఊరు విడిచినవారే, ఇద్దరూ కూలికే పోయినవారు. వ్యాకరణం ఒకటే, విభక్తి మాత్రం వేరు.

ఈ పక్షపాతం వెనుక ఒక అసత్యం దాగి ఉన్నది. గుంటూరు వ్యవసాయాన్ని విడిచి మొదట వెళ్లిపోయినవాడు కూలి కాదు, ఆసామి.

నమ్మరా? కొంచెం వెనక్కు వెళదాం. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, ఈ సీమను కరువు తుడిచిపెట్టినప్పుడు జనం చెన్నపట్నం దారి పట్టారు. అది ప్రాణభయం, దాన్ని విడిచిపెట్టండి. నిజాం సాగర్ 1931లో పూర్తయ్యాక కోస్తా రైతులు నిజామాబాదుకు నడిచారు. తుంగభద్ర ఆనకట్ట కట్టాక రాయచూరు ప్రాంతంలో, సింధనూరు, గంగావతి దిక్కున, చవకగా దొరికిన భూములు కొని క్యాంపులు వేశారు. నేటికీ అక్కడ మన తెలుగువారి ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ ఉంటుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసి, అప్పుల పాలైన రైతులు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆత్మహత్యలకు పాల్పడ్డారు. ఆ దెబ్బతో “వ్యవసాయం మాతోనే సరి, పిల్లలకు వద్దు” అన్న నిశ్చయం ఇంటింటా కుదిరింది. అక్కడినుండి విజయవాడ, గుంటూరు కాలేజీల హాస్టళ్లు, తరువాత హైదరాబాదు, తొంభైల చివర అమెరికా. ఇందులో తప్పేమీ లేదు. ఆ పిల్లల్లో నా దగ్గర ఛందస్సు నేర్చినవారూ ఉన్నారు, వారి ఎదుగుదల నాకు గర్వమే. నా అభ్యంతరం పోవడం మీద కాదు. పోయినవాడు పొలాన్ని ఏ పద్ధతిన వదిలాడన్న దాని మీద.

పొలాన్ని అమ్మలేదు. దున్నలేదు. కౌలుకు ఇచ్చాడు.

ఇక్కడే అసలు కథ ఉన్నది, కొంచెం ఓపిక పట్టండి. కౌలుదారు అంటే ఎవరు? ఎక్కువమంది నిన్నటిదాకా కూలి చేసినవారు, లేదా ఎకరం అరెకరం ఉన్న చిన్న రైతులు. మిరపకు మంచి ధర వచ్చిన మరుసటి యేడు కౌలు పెరుగుతుంది, ధర పడిపోయిన యేడు తగ్గదు. పైగా చాలా ఊళ్లలో విత్తనం పడకముందే కౌలు సొమ్ము చెల్లించాలి. దానికి వడ్డీ అప్పు. బ్యాంకులో పాసుపుస్తకం ఆసామిది కనుక పంట ఋణం ఆసామికి. 2019లో మొదలైన పి.ఎం. కిసాన్ ఏటా ఇచ్చే 6,000 రూపాయలు భూమి ఎవరి పేరున ఉంటే వారికే. కౌలుదారుకు మిగిలేది పురుగుమందుల కొట్టు ఖాతా ఒక్కటే. 2021లో నల్ల తామరపురుగు వచ్చి మిరపపూతను మాడ్చివేసినప్పుడు ఎకరాలకు ఎకరాలు దున్నేశారు. కౌలు ముందే కట్టినవాడికి అందులో ఒక్క రూపాయి వెనక్కి వచ్చిందా? 2025 ఆరంభంలో యార్డులో ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటించవలసి వచ్చినప్పుడు ఆసామి “ఈసారి సగం చాలులే” అన్నాడా? అన్న మహానుభావులు ఉంటే వారికి నా నమస్కారం, వారిని గురించి నేను వ్రాయడం లేదు.

ఇప్పుడు ఆ కౌలుదారు లెక్క వేసుకుంటాడు. విత్తనం ధర కంపెనీ చేతిలో ఉన్నది. మందు ధర కొట్టువాడి చేతిలో. వడ్డీ షావుకారు చేతిలో. కౌలు హైదరాబాదులోని ఆసామి చేతిలో. అమ్మకపు ధర యార్డులో కమీషను వ్యాపారి చేతిలో. తన చేతిలో బేరమాడడానికి మిగిలినది ఒక్కటే, కోత కూలి. అందుకే అతని కసి అంతా కోతకు వచ్చిన ఆడమనిషి మీద తీరుతుంది. “కూలీలు దొరకడం లేదు” అన్న వాక్యాన్ని పూర్తిగా విప్పి చెబితే ఇలా ఉంటుంది: “కౌలూ, వడ్డీ, మందులూ పోగా నేను ఇవ్వగలిగిన కూలికి కూలీలు దొరకడం లేదు.” వాక్యంలో ముందు సగాన్ని మింగి, వెనుక సగాన్నే మనం రచ్చకెక్కిస్తున్నాము.

ఆ కోతకు వచ్చేది ఎవరో కూడా చెప్పాలి. మిరప అన్నది యంత్రానికి లొంగే పంట కాదు. చెట్టుకున్న కాయలన్నీ ఒకేసారి పండవు. పండినదాన్ని తొడిమతో, కొమ్మ విరగకుండా, వేళ్లతో తుంచాలి. మూడు నాలుగు కోతలు. ఆ పైన కల్లంలో ఆరబెట్టడం, తిరగెయ్యడం, తాలుకాయ ఏరడం, టిక్కీలకు ఎత్తడం. ప్రకాశం జిల్లా శనగ చేలలో గొర్రు పోయి విత్తే యంత్రం, కొడవలి పోయి కోసే యంత్రం వచ్చాయి. మిరపలో ఆ మాయ ఏదీ చెల్లలేదు. తోటలన్నీ ఇంచుమించు ఒకేమారు పండుతాయి కనుక ఊళ్లో ఉన్న చేతులు చాలవు. అప్పుడు కర్నూలు జిల్లా పడమటి మండలాలనుండి, కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, ఆలూరు దిక్కునుండి, కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. ముసలివాళ్లను ఇంటికి కాపలా ఉంచి, పసిపిల్లలను చంకనెత్తుకుని, బియ్యం మూట, వంటపాత్రలు, కప్పుకునే పట్టా తెచ్చుకుంటారు. చేను గట్టునో, కల్లం పక్కనో ఆ పట్టా కిందనే మూడు నెలల కాపురం.

వారు తమ ప్రయాణాన్ని వలస అనరు. “సుగ్గికి పోతున్నాం” అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకాలం, పంట ఇంటికి వచ్చే పండుగ. సరిహద్దు మండలాలు కనుక ఆ మాట వారి తెలుగులో కలిసిపోయింది. ఎంత విషాదమో చూడండి. తమ చేలో పండుగ లేక, మరొకరి చేలో పంటకు పోవడాన్ని కూడా వారు పండుగ పేరుతోనే పిలుచుకుంటున్నారు. మనమేమో వారికి ‘వలస కూలీలు’ అని పేరు పెట్టి, వార్తల్లో ఒక మూల పడేశాము.

తుంగభద్ర ఒడ్డునే ఉన్న ఊళ్లు అవి. నది కంటికి కనబడుతుంది, చేనుకు అందదు. వానపడితే పత్తి, లేకపోతే లేదు. పల్నాడు సంగతి గుర్తు తెచ్చుకోండి. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు రాకముందు అక్కడివారు డెల్టా వరికోతలకు దిగి వచ్చేవారని మా పెద్దలు చెప్పగా విన్నాను. నీళ్లు వచ్చాక ఆ రాక ఆగింది. పల్నాటి జనాన్ని సోమరులని ఎవరూ అనలేదు, వారిప్పుడు తామే ఆసాములు కదా!

లెక్క ఇంకొకటి ఉన్నది. కోసిగి కుటుంబం మూడు నెలలు ఇక్కడ ఎండలో మిరప ఘాటు పీల్చి, కూడబెట్టుకున్న నాలుగు డబ్బులు తన ఊరికి తీసుకుపోతుంది. అక్కడ అప్పు తీరుస్తుంది, విత్తనం కొంటుంది. అంటే ఆ వలస పోయిన ఊరికి డబ్బు పంపే వలస. మన ఆసామి వలస దీనికి తలక్రిందులు. అతడు ఊరు విడిచి వెళ్లి, ఏటేటా ఊరినుండి కౌలు రూపంలో డబ్బు తీసుకుపోతాడు. వెనక్కి ఏమీ పంపడా అంటే పంపుతాడు. గుడికి గోపురం, కల్యాణమండపం, శ్మశానానికి ప్రహరీ. వాటిమీద పాలరాతి పలకలు, పలకమీద తల్లిదండ్రుల పేర్లు, అక్షరదోషాలతో. (దాతలకు విన్నపం: ‘జ్ఞాపకార్థం’ అన్న మాటను చెక్కించే ముందు ఒక తెలుగు మాస్టారుకు చూపించండి.) కౌలుదారు కూర్చున్న చేనుకు మాత్రం ఏమీ రాదు. చౌడు తేలినా, బోదె పూడినా, ఒక బండి పెంటయినా తోలించేవాడు లేడు. ఏడాదికొకసారి మారే కౌలుదారు అది ఎందుకు చేస్తాడు? పరాయి నేలకు పశువుల ఎరువు వేసే వెర్రివాడు ఉంటాడా? ఆ బాధ కూడా లేకుండా కొందరు సుబాబులు, జామాయిలు నాటించి పోయారు. మూడు నాలుగేండ్లకొకమారు లారీలు వచ్చి కొట్టుకుపోతాయి. నల్లరేగడి నేల, ఒకప్పుడు జొన్న, కంది, మినుము పండినది, కాగితపు మిల్లుకు కట్టె పండిస్తున్నది. దిగుబడులు ఎందుకు తగ్గాయని కమిటీలు వేయనక్కరలేదు.

ఇక తుళ్లూరు మాటకు వస్తాను. ఈ వాదాన్ని ఋజువు చేయడానికే చరిత్ర మా ప్రాంతాన్ని ఎంచుకున్నదా అనిపిస్తుంది.

2014 వరకు తుళ్లూరు, నేలపాడు, శాఖమూరు, అనంతవరం నేలల్లో పత్తి. కృష్ణ ఒడ్డున ఉద్దండరాయునిపాలెం, లింగాయపాలెం, వెంకటపాలెం జరీబులో అరటి, కూరగాయలు, పూలు. మెట్టచేలో పత్తి తీతలకు బయటినుండి ముఠాలు వచ్చేవి. జరీబులో ఊరివారికి యేడు పొడుగునా పని ఉండేది. ఇక్కడి ఆసాములు కూడా “కూలీలు దొరకడం లేదు” అని నొచ్చుకునేవారు. 2015 జనవరినుండి రాజధానికోసం భూసమీకరణ జరిగింది. ముప్పైమూడు వేల ఎకరాలకు పైగా నాగలి కిందినుండి తప్పుకున్నది. ఆసామికి ఎకరాకు మెట్టకైతే 30,000, జరీబుకైతే 50,000 రూపాయలు వార్షిక కౌలు, ఏటా పెరిగే షరతుతో. ఆ పైన అభివృద్ధి చేసిన స్థలం. భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను. కౌలుదారుకు? అతని పేరు ఏ కాగితంమీదా లేదు కదా, ఏమిస్తారు!

నెలకు 2,500 అంటే రోజుకు ఎనభై మూడు రూపాయలు, కుటుంబం మొత్తానికి. తెల్లవారకముందే ఆటోలు నిండిపోయి తాడికొండ, పెదకూరపాడు, సత్తెనపల్లి దిక్కున మిరపతోటలకు పరుగెత్తడం మొదలైంది. మా ఊళ్ల ఆడవాళ్లు! నిన్నటిదాకా ఇంటి ముందరి చేలో పూలు కోసి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి బిడ్డకు పాలిచ్చి పోయినవారు. ఇప్పుడు ఆటోలో పదిమంది, చీకటితో పోయి చీకటితో రావడం. పట్టణాల నిర్మాణానికి బీహారు, ఒడిశా, బెంగాలునుండి మేస్త్రీలు, కూలీలు దిగారు, వారికి రేకుల షెడ్లు వేశారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చి ఆ పని కూడా ఆగిపోయింది. షెడ్లు ఖాళీ అయ్యాయి, చేలల్లో తుమ్మ మొలిచింది. 2024లో మళ్లీ పని మొదలై, మళ్లీ షెడ్లు నిండుతున్నాయి. రాజధాని కావాలా వద్దా అన్న తగవులోకి నన్ను లాగకండి. నేను చెప్పేది ఒక్క మాట: “కూలీలు దొరకడం లేదు” అన్న ఊళ్లోనే, ‘కూలీలు’లోని ‘లు’ ఒక్కటి జారిపోయి, “కూలి దొరకడం లేదు” అయింది. మనుషులు మారలేదు, పథకాలు మారలేదు. భూమిమీద హక్కు ఉన్నవాడు సేద్యంనుండి తప్పుకున్నాడు, అంతే. తక్కిన గుంటూరులో ముప్పైయేండ్లుగా చాపకింద నీరులా జరుగుతున్నదే ఇక్కడ ఒక్క సంతకంతో జరిగింది.

ఉపాధి హామీ మాట ఎత్తకుండా ముగిస్తే నన్ను పిరికివాడనుకుంటారు. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆ పథకం మొదలైంది. ఏడాదికి నూరు రోజుల పని. మన రాష్ట్రంలో ఆ పని ఎక్కువగా సాగినది ఏప్రిలునుండి జూను వరకు, అంటే మిరపకోతలు ముగింపుకు వచ్చేనాటికి, పత్తి ఊసే లేనినాటికి. అది కూలీలను ఎత్తుకుపోయిందన్న నింద కాలెండరు ముందే నిలవదు. అది చేసినదల్లా, “ఈ కూలికి రాను” అనగలిగే ధైర్యాన్ని కొంచెం ఇచ్చింది. రాను అనగలిగినవాడే మనకు సోమరిగా కనిపించాడు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరొకటి తెచ్చింది. రోజులను 125కు పెంచారు, మంచిదే. అందులోనే విత్తులు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజులు పనులు ఆపివేయాలన్నారు. రావిచెట్టు కింది మాట చట్టంలోకి ఎక్కిందన్నమాట! పంటకాలంలో కూలీకి వేరే దారి ఉండకూడదని దీని భావం. మరి పంటకాలంలో కౌలు వసూలు చేయరాదనీ, ఆ అరవై రోజులు వడ్డీ నడవరాదనీ ఒక ఉపవాక్యమైనా చేర్చారా? గొడ్డలి ఎప్పుడూ సన్నకొమ్మ మీదనే పడుతుంది.

దాటుకుంటూ పోయేవారికి చట్టం రక్షణ లేదా అని అడుగుతారేమో. 1979లో వలస కార్మికులకై ఒక చట్టం చేశారు, 2020లో దాన్ని కొత్త స్మృతిలో కలిపారు. అది రాష్ట్రం సరిహద్దు దాటినవారికి. కోసిగినుండి గుంటూరు సీమకు వందల కిలోమీటర్లున్నా మధ్య సరిహద్దు లేదు కనుక ఆ కుటుంబం చట్టం దృష్టిలో ఎక్కడికీ పోలేదు. 2020 మార్చి 24 రాత్రి దేశాన్ని మూసివేసినప్పుడు కోతలు మధ్యలో ఉన్నాయి. ఇంటికి చేరే దారి లేక చేలగట్లమీదే చిక్కుపడినవారెందరో. సరిహద్దు దాటివచ్చినవారికి మాత్రం చట్టం ఏమి ఒరగబెట్టింది? ములుగు జిల్లా మిరపతోటలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆదివాసి బాలిక, పన్నెండేండ్లది, తోటివారితో అడవిదారిన మూడు రోజులు నడిచి, ఇల్లు ఇక కొద్ది దూరమనగా ప్రాణం విడిచింది. పన్నెండేండ్లంటే ఆరో ఏడో తరగతి. నా జీవితమంతా ఆ వయస్సు పిల్లల మధ్యనే గడిచింది. జనవరి రాగానే మా బడిగోడ అవతల కల్లాల్లో తాలుకాయలు ఏరుతూ కనబడే పిల్లలు మా హాజరుపట్టీలో లేరు, తమ ఊరి పట్టీలో ‘గైర్హాజరు’. కర్నూలులో వారికోసం సీజనల్ హాస్టళ్లు పెట్టారు. పెట్టినచోట పిల్లలు నిలిచారు. ఆలస్యంగా తెరిచినచోట తల్లి చంకనే గుంటూరు వచ్చారు. సుగ్గి బండి హాస్టలు ఉత్తర్వుకోసం ఆగదు మరి.

“మాస్టారూ, మా పిల్లలు చదువుకోవద్దంటారా? ఉన్న ఎకరాలు అమ్ముకోమంటారా?” అని ఒక పూర్వ విద్యార్థి నన్ను సూటిగానే అడిగాడు. రెండూ అనలేదు నాయనా. చదువుకో, ఎక్కడైనా ఉండు. భూమి నీదే. నేను అడిగేది చాలా చిన్నది. 2019లో మన రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. పదకొండు నెలల ఒప్పందం. యజమాని హక్కుకు దానివలన భంగం లేదని ఆ చట్టమే చెబుతున్నది. ఆ కార్డు ఉంటే కౌలుదారుకు పంట ఋణం, బీమా, నష్టపరిహారం అడిగే అర్హత వస్తుంది. కాని ఆ కాగితంమీద యజమాని సంతకం ఉండాలన్నారు. ఆ సంతకం పెట్టడానికి మన విద్యావంతులకు చేతులు రావడం లేదు. వేల మైళ్ల అవతల ఇంటి ఋణానికి నూరు పుటల పత్రాలమీద కళ్లు మూసుకుని సంతకం చేసినవారు, తమ చేలో తమకు తెలిసిన మనిషి పేరున ఒక్క పుటమీద సంతకమంటే “ఏమో, రేపు భూమి మింగేస్తాడేమో” అంటారు. పదకొండు నెలల్లో నాలుగు నెలలు మిరపచెట్టు పెరగడానికే సరిపోతుంది, మింగడానికి తీరిక ఎక్కడిది?

మిత్రులారా, మీలో పొలం కౌలుకిచ్చినవారు ఎంతమందో నాకు తెలియదు, చాలామందే ఉంటారు. ఈ యేడు కౌలు ఇప్పటికే మీ ఖాతాలో పడి ఉంటుంది. మీ కౌలుదారు ఎవరో, అతడు అప్పు ఎంత వడ్డీకి తెచ్చాడో, మీ చేలో కోతకు వచ్చినవారు ఏ ఊరివారో, వారి పిల్లలు ఏ బడిలో ఉన్నారో ఒక్కసారి ఫోను చేసి కనుక్కోండి. కార్డుమీద సంతకం పెట్టారో లేదో కింద వ్యాఖ్యలో వ్రాయండి. పెట్టనివారు ఎందుకు పెట్టలేదో కూడా వ్రాయండి. ప్రతి వ్యాఖ్యకూ జవాబు ఇస్తాను.